రోగశరీరం, గృహజీవనం: నెల్లూరు ఫ్లోరోసిస్ కథనాలపై విమర్శనాత్మక పరిశీలన

సారాంశం

మనుషుల్లో ఎముకల ఫ్లోరోసిస్ ఒక ప్రాంతీయ వ్యాధిగా భారతదేశంలో తొలిసారి వైద్యపత్రికలకెక్కింది నెల్లూరు జిల్లా నుంచే. ఆ తరువాత ఈ వ్యాధిని గురించి వైద్య నివేదికలు, ప్రభుత్వ పత్రాలు, పత్రికా కథనాలు, ఉద్యమ గీతాలు వచ్చాయి. ఇవన్నీ వంగిన శరీరాన్నీ చెడిన నీటినీ చూపాయి. ఆ శరీరంతో ఏళ్ళ తరబడి నడిచిన ఇంటిని, అందులోని పశువును, పనిముట్టును, చేతివృత్తిని చూపలేదు. ఈ లోపాన్ని గుర్తించి, దీర్ఘవ్యాధి కథనాన్ని ఇంటి పనుల వైపునుంచి చదవవలసిన అవసరాన్ని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ‘సర్దుబాటు’ అనే మాట వెనుక ఎవరి శ్రమ దాగి ఉన్నదో అడగకుండా ఆ పఠనం పూర్తి కాదని నిరూపించడం దీని లక్ష్యం.

కీలక పదాలు: ఫ్లోరోసిస్, నెల్లూరు, దీర్ఘవ్యాధి, గృహశ్రమ, పశుపోషణ, చేతివృత్తులు, రోగకథనం.

1. ఉపోద్ఘాతం

1937లో హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్‌పై రెండు పత్రాలు ప్రచురించారు. ఒకటి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో, మరొకటి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వెలువడింది. రెండవ పత్రం శీర్షికలోనే నెల్లూరు జిల్లా పేరు ఉంది. అదే ఏడాది డెన్మార్క్‌లో కై రోహోల్మ్, క్రయోలైట్ కార్మికుల ఎముకలను పరిశీలించి ఫ్లోరిన్ విషప్రభావంపై తన బృహద్గ్రంథాన్ని వెలువరించాడు. అక్కడ రోగి కర్మాగారపు ధూళిని పీల్చిన కార్మికుడు. ఇక్కడ రోగి తన ఊరి బావినీళ్ళు తాగిన రైతు. అక్కడ పని మానితే విషం ఆగుతుంది. ఇక్కడ దాహం మానడం సాధ్యం కాదు. ఈ తేడా వల్లనే నెల్లూరు ఫ్లోరోసిస్ వృత్తివ్యాధిగా కాక గృహవ్యాధిగా మొదలైంది.

అయితే ఈ వ్యాధి గురించి వచ్చిన రచనలో గృహం ఎక్కడ ఉంది? రోగి చిత్రం ఉంది, ఎక్స్‌రే ఉంది, లీటరు నీటిలో ఇన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడు అన్న లెక్క ఉంది. ఆ రోగి పొద్దున్నే లేచి పాలు ఎలా పితికాడో, ఆ ఇల్లాలు కుండను తలకెలా ఎత్తుకుందో చెప్పే వాక్యం అరుదు. వ్యాధి ఒక సంఘటన అయితే దాని కథ ఆసుపత్రిలో ముగుస్తుంది. దీర్ఘవ్యాధి సంఘటన కాదు, కాపురం. దాన్ని కాపురంగా చదివే పద్ధతి లేకపోవడమే ఈ రచనల ప్రధాన లోపం.

2. తీరం, మెట్ట: రెండు నీళ్ళ జిల్లా

నెల్లూరును తీరప్రాంత జిల్లా అనడం వాడుక. మైపాడు, కోడూరు, కృష్ణపట్నం, ఇసకపల్లి వంటి పేర్లు ఆ వాడుకకు ఆధారం. తీరపు ఇసుకనేలల్లో కొద్దిలోతులోనే నీరు పడుతుంది. చెలమ తీసి మంచినీళ్ళు తోడుకోవడం అక్కడి పాత అలవాటు. అక్కడ భయం ఉప్పుది. ఉప్పు నాలుకకు వెంటనే తెలుస్తుంది కనుక మనిషి ఆ నీటిని వదిలి మరో చెలమ వెతుక్కుంటాడు.

పడమటికి, వెలిగొండల వైపు పోయేకొద్దీ నేల మారుతుంది. ఉదయగిరి, వరికుంటపాడు వంటి మెట్టప్రాంతాల్లో నీరు గట్టిరాతి పగుళ్ళలో నిలుస్తుంది. ఆ రాళ్ళలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు నీటిలో కరుగుతుంది. కాల్షియం తక్కువగా, క్షారగుణం ఎక్కువగా ఉన్న నీటిలో అది మరింత నిలుస్తుంది. దానికి రుచి లేదు, రంగు లేదు, వాసన లేదు. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 1.0 మిల్లీగ్రాము ఆమోదయోగ్యం. వేరే నీటివనరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతి. ఈ గీతను నాలుక గుర్తించలేదు. ఉప్పునీటిని వదిలిన మనిషి ఫ్లోరైడు నీటిని తియ్యగానే తాగుతాడు.

1937 నాటి నెల్లూరు జిల్లా నేటి జిల్లా కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పుడు నెల్లూరులోనివే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, తరువాత ప్రకాశం పేరు పొందినప్పుడు అవి దానిలోకి వెళ్ళాయి. కాబట్టి ‘నెల్లూరు ఫ్లోరోసిస్’ అన్న మాటలో రెండు మూడు జిల్లాల మెట్ట జీవితం ఇమిడి ఉంది. ఆ మెట్ట, తీరంతో తెగిపోయినదీ కాదు. డెల్టా మాగాణి వరిగడ్డి మెట్ట పశువులకు మేత. కోతలయ్యాక మెట్ట గొర్రెల మందలు మాగాణి పొలాల్లో ఎరువు కోసం నిలిచేవి. ఒకరి పశువు మరొకరి నేలకు బలం. వ్యాధి పటంలో ఈ రాకపోకలు కనిపించవు. అది గ్రామాన్ని ఒక చుక్కగా, చుక్క పక్కన ఒక అంకెగా మాత్రమే చూపుతుంది.

3. ఎద్దు ముందుగా మోసిన రోగం

ఫ్లోరోసిస్ చరిత్రలో తరచుగా చెప్పే వృత్తాంతం ఒకటుంది. 1930ల తొలినాళ్ళలో ఈ ప్రాంతపు రైతులు ముందుగా తమ ఎడ్లు నడవలేకపోవడం గమనించారు. కీళ్ళు బిగుసుకొని, నొప్పితో అవి అడుగు వేయలేకపోయాయి. అదే జబ్బు మనుషుల్లో ఉన్నదని వైద్యులు గుర్తించింది తరువాత. ఈ వృత్తాంతాన్ని దాదాపు ప్రతి రచనా ఒక వాక్యంలో చెప్పి ముందుకు పోతుంది. విమర్శకు అసలు పని ఆ వాక్యం దగ్గరే మొదలవుతుంది.

ఎద్దు మనిషికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ నీరు తాగుతుంది. అదే బావి నీరు, అదే నీటితో పెరిగిన మేత. ఆ శరీరం మీద నీటి ప్రభావం ముందుగా కనబడడంలో వింత లేదు. ఎద్దు నడకను రైతు గమనించినంత దగ్గరగా రైతు నడకను ఏ అధికారీ గమనించలేదన్నదే ఇక్కడ ఆలోచించవలసిన సంగతి. కొనేటప్పుడు నడక చూసి, పళ్ళు చూసి, కాడి కిందికి రాగానే భుజం చూసి ఎద్దును అంచనా కట్టే విద్య రైతుది. పళ్ళమీది మచ్చ, కీళ్ళ బిగువు అనే రెండు లక్షణాలూ ఆ విద్య పరిధిలోనివే. వైద్యశాస్త్రం తరువాత ఫ్లోరోసిస్‌కు గుర్తులుగా చెప్పినవీ ఆ రెండే.

ఐస్‌లాండ్‌లోనూ ఇటువంటిదే జరిగింది. అక్కడ 1783లో లాకి అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఫ్లోరిన్ చేరిన గడ్డి తిని గొర్రెలు పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. వాటి పళ్ళ, ఎముకల వికారాలకు ఆ దేశపు కాపరుల భాషలో ప్రత్యేకమైన మాట ఉంది. కారణం తెలియకముందే పేరు పుట్టింది. పేరు పెట్టినవాడు పశువును రోజూ తాకేవాడు.

తెలుగులో ఆ పేరు ఒక క్రియగా నిలిచింది. ఎద్దుకు కాళ్ళు పట్టేశాయి అంటారు, మనిషికి నడుము పట్టేసింది అంటారు. ‘పట్టేయడం’ అన్న క్రియ పశువుకూ మనిషికీ తేడా చూపదు. ఈ భాషలో పశువు శరీరం, మనిషి శరీరం ఒకే కొలతలో ఉంటాయి. వైద్యభాష వాటిని వేరుచేసింది. ఒకటి పశువైద్యుడి పని అయింది, మరొకటి ప్రజారోగ్య శాఖ పని అయింది. ఇల్లు మాత్రం రెండింటినీ ఒకే గడపలో మోసింది. ఎద్దు పడుకుంటే దుక్కి ఆగుతుంది. యజమాని పడుకుంటే ఎద్దుకు మేత ఆగుతుంది. ఈ పరస్పరత నివేదికల్లో లేదు.

పళ్ళకు సంబంధించిన మాట ఇంత ఉదారమైనది కాదు. మచ్చపడిన పళ్ళను గారపళ్ళు అనడం వాడుక. ఆ మాటలో తోముకోని నోరు అన్న నింద ఉంది. నీటివల్ల వచ్చిన మచ్చను శుభ్రత లేకపోవడంగా చదివిన మాట అది. పెళ్ళిచూపుల్లో ఆ మాట పనిచేసే తీరు తెలిసినవారికి వ్యాధి ఎముకల్లోనే కాక పలుకుబడిలో కూడా స్థిరపడుతుందని వేరుగా చెప్పనక్కరలేదు.

4. మూడు పరీక్షలు, మూడు పనులు

ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణల జాతీయ కార్యక్రమం 2008-09లో మొదలైనప్పుడు తొలివిడత ఎంపికైన కొద్ది జిల్లాల్లో నెల్లూరు ఒకటి. ఎముకల ఫ్లోరోసిస్‌ను ఊళ్ళో, పరికరాలు లేకుండా అనుమానించడానికి ఆరోగ్య కార్యకర్తలు మూడు చిన్న పరీక్షలు వాడతారు. మోకాళ్ళు వంచకుండా నేలమీది నాణేన్ని తీయగలరా? గడ్డాన్ని ఛాతీకి ఆనించగలరా? చేతులు చాచి, మోచేతులు మడిచి తల వెనుకకు చేర్చగలరా? నడుము, మెడ, భుజం ఎంతవరకు బిగుసుకున్నాయో వీటితో తెలుస్తుంది.

సంక్షిప్తత వీటి గుణం. అయితే ఇవి నిజంగా అడుగుతున్నదేమిటో తెలుసుకోవాలంటే వీటిని ఇంటి పనుల్లోకి అనువదించాలి. వాకిట్లో ఎవరూ నాణేలు ఏరరు. నేలమీదినుంచి తీయవలసినవి పేడకళ్ళు, చిందిన గింజలు, పాకే బిడ్డ. కసువు ఊడ్చే పొట్టి చీపురు నడుము వంచమంటుంది. కల్లాపి, ముగ్గు, నాటు, కలుపు అన్నీ వంగి చేసేవే. నాణెం తీయలేని స్త్రీ అంటే ఇంటిపనిలో సగం చేయలేని స్త్రీ.

గడ్డం ఛాతీకి ఆనడం అంటే కిందికి చూడగలగడం. చేటలో బియ్యంలోని రాళ్ళు ఏరడం, మగ్గంమీద తెగిన పోగు ముడివేయడం, ఒడిలోని బిడ్డ ముఖం చూడడం, పొలంగట్టుమీద అడుగు ఎక్కడ పడుతున్నదో చూసుకోవడం మెడతో చేసే పనులు. చేతులు తల వెనుకకు పోవడం అంటే బిందెను తలకెత్తుకోవడం, గడ్డిమోపు దించడం, జడ అల్లుకోవడం, కొప్పు ముడవడం. చివరి రెండూ పనుల పట్టికలో ఎక్కవు. కానీ తన జుట్టు తాను ముడుచుకోలేని స్త్రీ రోజూ పొద్దున్నే మరొకరిని పిలవాలి. దీర్ఘవ్యాధిలోని పరాధీనత మొదట తెలిసేది అక్కడే.

ఇలా చదివితే మూడు పరీక్షలూ మూడు కథలవుతాయి. వ్యాధి తీవ్రతను డిగ్రీల్లో కొలిచే పద్ధతికి తోడు, ఏ పని ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయిందో కొలిచే పద్ధతి కావాలి. సాహిత్యం చేయగలిగినది ఈ రెండవ కొలత.

5. పశువు: భారమా, ఊతమా

వంగలేని శరీరం ఉన్న ఇంట్లో పశువును ఉంచుకోవాలా, అమ్మేయాలా అన్నది చిన్న ప్రశ్న కాదు. పాడిగేదెకు రోజూ రెండుపూటలా గొంతుకూర్చుని పాలు పితకాలి. దూడను వదిలి, గేదె చేపేదాకా ఆగి, దూడను లాగి కట్టేయాలి. కుడితి తొట్టి నింపాలి, పేడ ఎత్తాలి. వీటిలో చాలావరకు వంగి, లాగి, ఎత్తి చేసేవే. గొంతుకూర్చోలేనివారికి కాస్త ఎత్తైన పీట, నేలమీది తొట్టికి బదులు నడుమెత్తు గాడి, పొడుగుకర్ర తగిలించిన పార కావాలి. ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. పనిముట్టును శరీరానికి తగ్గట్టు మార్చడమన్న ఆలోచన మాత్రం కావాలి. పల్లెటూరి పనిముట్ల కొలతలన్నీ వంగగల నడుమును ఊహించి చేసినవే. పొట్టి చీపురు, నేలపొయ్యి, నేలలో పాతిన రోలు అన్నీ అటువంటివే. వాటి ఎత్తు ప్రకృతి నిర్ణయించింది కాదు.

గొర్రె లెక్క వేరు. నెల్లూరు గొర్రె ఉన్ని గొర్రె కాదు. దానికి ఉన్న పొట్టి వెంట్రుకలను కత్తిరించే పని ఉండదు. తెల్లనిది పల్ల, మూతి, కళ్ళ దగ్గర నల్లమచ్చలున్నది జోడిపి, గోధుమరంగుది దొర అని రంగునుబట్టి రకాలు చెబుతారు. దీన్ని పితకనక్కరలేదు, కత్తిరించనక్కరలేదు. కానీ దాని వెంట రోజంతా నడవాలి. మోకాళ్ళు బిగిసినవారికి గేదె దగ్గర కూర్చోవడం కష్టమైతే గొర్రెల వెంట నడవడం అంతకన్నా కష్టం. కాబట్టి ‘తేలికైన పశువు’ అన్నది అందరికీ ఒకటి కాదు. ఏ కీలు పట్టేసిందో దాన్నిబట్టి పశువు ఎంపిక మారుతుంది.

పాడి విషయంలో మరొక చిక్కు ఉంది. ఆహారంలో కాల్షియం తక్కువైనచోట ఫ్లోరైడు ఎముకలకు చేసే హాని పెరుగుతుంది. పాలు ఆ లోటు తీర్చగల ఆహారం. కానీ పేదయింట్లో గేదె ఉన్నది పాలు తాగడానికి కాదు, అమ్మడానికి. పొద్దున పాలకేంద్రానికి పోయిన పాల డబ్బుతో ఇంటికి ఉప్పూ పప్పూ వస్తాయి. తనకు కావలసిన మందును తన చేత్తోనే పితికి, తానే అమ్మివేసే స్థితి ఇది. ఫ్లోరోసిస్ గురించి రాయబోయే కథకు ఇంతకన్నా బలమైన సందర్భం వెతకనక్కరలేదు.

ఈ విషయంలో శాస్త్రమే సాహిత్యంకన్నా ముందు వంటింట్లోకి వచ్చింది. 1973లో కృష్ణమాచారి, కృష్ణస్వామి నల్లగొండ ప్రాంతంలో మోకాళ్ళు లోపలికి వంగిపోయే వికారాన్ని లాన్సెట్ పత్రికలో నివేదించారు. దాని వివరణకోసం తరువాతి పరిశోధన జొన్న ప్రధానమైన ఆహారం దాకా వెళ్ళింది. చింతపండు తీసుకున్నప్పుడు మూత్రంలో ఫ్లోరైడు విసర్జన పెరుగుతుందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రచురించారు. నెల్లూరు పులుసు మందు అయిపోయిందని దీని అర్థం కాదు. వంటను వదిలి ఈ వ్యాధిని అర్థం చేసుకోలేమని మాత్రమే అర్థం.

6. చేతిపని: అదను, వీలు

వ్యవసాయానికి అదను ఉంది. వాన పడిన రెండురోజుల్లో విత్తనం పడాలి. ఆ రెండురోజులూ నడుము నొప్పి అంటే ఏడాది పంట పోతుంది. దీర్ఘవ్యాధికి అదను తెలియదు. అది ఒకరోజు లేవనిస్తుంది, మరురోజు లేవనీయదు. వ్యవసాయ కాలానికీ వ్యాధి కాలానికీ పొత్తు కుదరకపోవడమే రోగిని పొలంనుంచి బయటకు నెడుతుంది.

చేతిపని కాలం ఇంత కఠినమైనది కాదు. ఉదయగిరి కొయ్య చెంచాల పనిని ఉదాహరణగా తీసుకోవచ్చు. చుట్టుపక్కల అడవి కర్రతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కే ఈ కళకు భౌగోళిక గుర్తింపు ఉంది. స్త్రీలు ఇందులో పెద్ద సంఖ్యలో పనిచేస్తారు. సగం చెక్కిన చెంచా పక్కన పెడితే పాడవదు. రేపు మళ్ళీ అందుకోవచ్చు. కోయడం, చెక్కడం, ఆకురాయితో నునుపు చేయడం వేర్వేరు చేతుల మధ్య పంచుకోవచ్చు. ఆపి, తిరిగి మొదలుపెట్టగల పనికి దీర్ఘవ్యాధి ఉన్న శరీరంతో పొత్తు కుదురుతుంది. ఈ కళ పుట్టిన మెట్టలోనే ఫ్లోరైడు సమస్య ఉండడం వల్ల ఈ రెండింటినీ కలిపి ఆలోచించడం న్యాయం.

అలాగని చేతిపనిని రోగికి విశ్రాంతిగా వర్ణించడం పొరపాటు. నేలమీద కూర్చుని, మెడవంచి, చిన్న వస్తువును కళ్ళ దగ్గరకు తెచ్చుకొని చేసే పని ఇది. గడ్డం ఛాతీకి ఆనని వ్యక్తికి ఆ భంగిమ అసాధ్యం. పనిని కళ్ళ ఎత్తుకు తెచ్చే బల్ల, కర్రను బిగించే పట్టు ఉంటే తప్ప పని సాగదు.

2022 పునర్విభజన దాకా నెల్లూరు జిల్లాలో ఉన్న వెంకటగిరి మగ్గం ఇదే సంగతి మరో విధంగా చెబుతుంది. గుంటమగ్గంలో నేతగాడు నేలమట్టాన కూర్చుని కాళ్ళు గుంటలోకి దించి తొక్కుడు చెక్కలు తొక్కుతాడు. గొంతుకూర్చోవలసిన అవసరం లేదు కనుక మోకాలికి అది కొంత అనుకూలం. గుంటలోకి దిగడం, పైకి లేవడం మాత్రం నడుముకు పరీక్ష. నేత ఒక్కరి పనికాదు. పడుగు తయారీ, అచ్చు అతకడం, కండెలు చుట్టడం ఇంటిల్లిపాది పని. నేత మానిన వ్యక్తి రాట్నం దగ్గరకు మారడం, రాట్నం తిప్పినవారు మగ్గమెక్కడం వృత్తి నిర్మాణంలోనే ఉన్న వెసులుబాటు. పని స్థానం మారుతుంది, వృత్తి పోదు. కానీ కూలి మారుతుంది. నేతకు ఉన్న విలువ కండెకు లేదు. స్థానం మారిన మనిషి గౌరవం కూడా దానితోపాటే మారుతుంది. చేతివృత్తుల గురించిన ప్రశంసాత్మక రచన ఈ దిగుదలను లెక్కలోకి తీసుకోదు.

7. తెలుగు కథనంలో దారి ఉందా?

తెలుగులో వ్యాధిని గురించిన రచన ఎక్కువగా రెండు దారుల్లో నడిచింది. ఒకటి జాలి, రెండు నిరసన. నల్లగొండ ఫ్లోరైడు బాధ తెలంగాణ ఉద్యమకాలంలో పాటైంది. రోగి ఛాయాచిత్రం ఊరేగింపుల్లో నిలిచింది. వంకరపోయిన శరీరం పాలకుల నిర్లక్ష్యానికి సాక్ష్యంగా నిలబడింది. ఆ సాక్ష్యం అవసరమైనదే, నీళ్ళు రావడంలో దాని పాత్రనూ కాదనలేం. అయితే వ్యాధిని మరొకదానికి ప్రతీకగా వాడినప్పుడు రోగి మాయమవుతాడని సుసాన్ సొంటాగ్ 1978లో చేసిన హెచ్చరిక ఇక్కడ వర్తిస్తుంది. సాక్ష్యంగా నిలబడిన మనిషి సాయంత్రం ఇంటికి వెళ్ళి ఏంచేశాడో పాట చెప్పదు.

ఆర్థర్ ఫ్రాంక్ 1995లో రోగకథనాలను మూడు రకాలుగా విభజించాడు: కోలుకునే కథ, కల్లోల కథ, అన్వేషణ కథ. నెల్లూరు మెట్టలోని ఇంటికి ఈ మూడూ సరిపోవు. గట్టిపడిన ఎముక పూర్వస్థితికి రాదు కనుక కోలుకునే కథ లేదు. రేపటి పని రేపు ఉంటుంది కనుక పూర్తి కల్లోలమూ కాదు. వ్యాధివల్ల జీవితసత్యం దొరికిందని చెప్పుకునే తీరిక ఎవరికీ లేదు కనుక అన్వేషణ కథా కాదు. ఇక్కడ ఉన్నది అమరిక కథ. పీట ఎత్తు పెంచడం, చీపురుకు కర్ర కట్టడం, గేదెను అమ్మి గొర్రెను కొనడం, మగ్గంనుంచి రాట్నానికి మారడం ఇందులో సంఘటనలు. వీటిలో పతాకసన్నివేశం లేదు. అందుకే కథకులకు అందలేదు.

అయితే నమూనాలు లేకపోలేదు. కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ నవలలో మందతో తిరిగిరాని ఆడపందిని వెతుకుతూ ఒక ముసలివాడు అడవిలోకి పోతాడు. డిచ్‌పల్లిలో కుష్ఠువ్యాధి వైద్యుడిగా జీవితకాలం పనిచేసిన రచయిత అతడు. అయినా ఆ నవలలో ముసలితనాన్ని వైద్యుడి కళ్ళతో చూడలేదు. ముసలి శరీరం ఎంత చేయగలదో, ఎక్కడ ఆగిపోతుందో పశువు అవసరమే కొలుస్తుంది. శరీరబలహీనతను లక్షణాల పట్టికగా కాక ఒక జీవి పట్ల బాధ్యతగా చూపడం ఆ నవల నేర్పే పాఠం. ఇక నెల్లూరు ఇంటి మాట సాహిత్యానికి చాలదన్న సందేహాన్ని మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ ఎప్పుడో తీర్చాయి. కావలి పరిసరాల సామాన్య గృహజీవితాన్ని ఆ మాండలికంలోనే నిలిపిన కథలవి. పశువును కొలబద్దగా చూపే దృష్టి ఒకచోట, ఇంటిని చెప్పగల భాష మరొకచోట ఇప్పటికే ఉన్నాయి. రెండూ ఫ్లోరోసిస్ దగ్గర కలుసుకోవలసి ఉంది.

8. ‘సర్దుబాటు’ ఎవరిది?

అమరికను ప్రశంసించడంలో ఒక ప్రమాదం ఉంది. తెలుగులో దానికి దగ్గరి మాట సర్దుబాటు. సర్దుకుపోవడం అన్న మాట ఈ సమాజంలో ఎక్కువగా స్త్రీకి చేసే బోధ. యజమాని నడుము పట్టేస్తే ఇల్లు సర్దుకుంటుంది అనే వాక్యంలో కర్త ఇల్లు. ఇల్లు పాలు పితకదు. పితికేది కోడలు, పేడ ఎత్తేది బడి మానిన కూతురు. రోగి పురుషుడైతే పని స్త్రీకి పోతుంది. రోగి స్త్రీ అయితే పని మరో స్త్రీకి పోతుంది, లేదా నొప్పితోనే ఆమె చేస్తుంది. అమరిక కథను రోగి చాతుర్యకథగా మాత్రమే రాస్తే, దాని బరువు మోసిన రెండవ శరీరం మళ్ళీ కనపడకుండా పోతుంది.

నీటిని శుద్ధిచేసే పద్ధతిలోనూ ఇదే జరిగింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడును అడుగుకు దింపుతారు. ఇంటిస్థాయిలో దీన్ని చేయాలంటే రోజూ బకెట్టులో నీళ్ళు నింపి, సరైన మోతాదు కలిపి, తిప్పి, గంటసేపు తేరనిచ్చి, పైనీటిని వంచి, మడ్డిని పారబోయాలి. చౌకైన పద్ధతి అన్న కీర్తి దీనికి ఉంది. రోజూ నీళ్ళెత్తి, కలిపి, వంచే చేతులకు కూలి కట్టకపోవడం ఆ చౌకదనంలో ఒక భాగం. భుజాలు లేవని స్త్రీ నిండు బకెట్టు వంచలేదన్న సంగతి ఆ లెక్కలో లేదు. వ్యాధిని ఆపవలసిన పరికరం కూడా వ్యాధి లేని శరీరాన్నే ఊహించుకున్నది.

కాబట్టి అమరికను గురించి రాసే ప్రతి రచనను విమర్శ రెండు ప్రశ్నలు అడగాలి. పనిముట్టు మారిందా, లేక మనిషే మారాడా? పని తేలికైందా, లేక మరొకరి నెత్తికి మారిందా? పీట ఎత్తు పెరిగితే అది అమరిక. కూతురు బడి మానితే అది అమరిక కాదు, వ్యాధి విస్తరణ. ఈ తేడాను చూపలేని కథనం ఎంత సానుభూతితో రాసినా వ్యాధిని సగమే చూపుతుంది.

9. ముగింపు

నెల్లూరు ఫ్లోరోసిస్ కథనం ఎద్దుతో మొదలై ఎక్స్‌రేలో స్థిరపడింది. ఈ ప్రయాణంలో శాస్త్రం గెలుచుకున్నది ఎక్కువ. కారణం తెలిసింది, హద్దు తెలిసింది, నీటిని మార్చవలసిన అవసరం తెలిసింది. పోగొట్టుకున్నది ఇల్లు. ఎద్దునూ మనిషినీ ఒకే క్రియతో చెప్పిన భాష, పనిముట్టు ఎత్తులో దాగిన శరీరభావన, అదనుకూ వీలుకూ మధ్య నలిగిన రోజు, పాలు అమ్మడమా తాగడమా అన్న లెక్క ఈ కథనంలోంచి జారిపోయాయి. వీటిని తిరిగి తీసుకురావడం సాహిత్యానికి సాధ్యమయ్యే పని. అవి వచ్చాయో లేదో చూడడం విమర్శ బాధ్యత.

ఇంటి అమరిక మంచినీటికి ప్రత్యామ్నాయం కాదు. సురక్షితమైన నీరు అందించవలసిన బాధ్యతనుంచి ఏ ప్రభుత్వాన్నీ అది విడిపించదు. కానీ రేపు మంచినీరు వచ్చినా ఇప్పటికే బిగిసిన ఎముకలు రేపే వదలవు. వాటితో బతకవలసిన సంవత్సరాలు మిగిలే ఉంటాయి. ఆ సంవత్సరాల్లో గేదెను ఎవరు పితుకుతారు, బిందెను ఎవరు ఎత్తుతారు, కొప్పు ఎవరు ముడుస్తారు అన్నవే మిగిలే ప్రశ్నలు. వీటికి జవాబు వెతకని రచనను దీర్ఘవ్యాధి సాహిత్యంగా లెక్కించడం కష్టం.